దిక్సూచి గారు చెప్పిన దారి

దిక్సూచి గారు రాసిన దారి పట్టుకుని అనుకున్న చోటికి చేరిన పాఠకుడు ఇంతవరకు పుట్టలేదు. పత్రికాఫీసులో ఆయనకి ఆ పేరు అందుకే స్థిరపడింది.

ఆయన ఏ పత్రికలోనూ ఉద్యోగి కాదు. పిల్లల పత్రికకి పిట్టల గురించి, రైతుల పత్రికకి తేనెటీగల గురించి రాసేవారు. ఈ వారపత్రికకి మాత్రం వారం వారం ఊరి బయటి కొండల్లో చూడదగ్గ చోటొకటి. ఏ బండ మీద నాచు ఏ రంగులో ఉందో కూడా పొల్లుపోకుండా పట్టుకొచ్చేవారు. తీరా మలుపు దగ్గరికొచ్చేసరికి, కుడి అనాల్సిన చోట ఎడమ పడేది.

ఎడిటరమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది.

"మాస్టారూ, మ్యాపులో ఇక్కడ కుడి అని ఉందండీ."

"తిరిగొచ్చేటప్పుడు చూసుకున్నానమ్మా. అప్పుడది ఎడమే."

"వెళ్ళేటప్పుడు చూడొచ్చుగా?"

"వెళ్ళేటప్పుడు పిట్టల్ని చూస్తానమ్మా."

మ్యాపు చూసి ఆమె ఒక మలుపు దిద్దితే, ఆయన ఏ మ్యాపులోనూ లేని కాలిబాట ఇంకోటి తెచ్చి తగిలించేవారు. పాఠకులు ఊరుకుంటారా? ఒక డ్రాయింగు మాస్టారు, జలపాతమని పిల్లాపాపలతో వెళ్ళి పొలంలో మోటారు పంపు చూసొచ్చామని ఫోన్లో చెడామడా దులిపేశాడు. కొత్తగా పెళ్ళైన ఒకమ్మాయి, మా మొదటి పోట్లాట మీ పత్రిక పుణ్యమేనంది. దిక్సూచి గారు అన్నీ విని, "పాపం, క్షేమంగా ఇల్లు చేరారు కదా?" అని మాత్రం అడిగేవారు.

చివరికి పత్రిక యజమానే బావమరుదుల్ని వెంటేసుకుని గుహలు చూడబోయి, చీకటిపడ్డాక దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాడు. మర్నాడే ఆ శీర్షిక ఆపేయమన్నాడు. ఆ మాట ఎడిటరమ్మే చెప్పాల్సి వచ్చింది. దిక్సూచి గారు వాదించలేదు.

"ఇంకొక్క ఏడాది ఉంచలేవా అమ్మా?"

"దేనికండీ?"

"ఊరికే."

పెద్దాయన ఖాళీగా కూర్చోలేక అడుగుతున్నారనుకుందామె. నా చేతిలో లేదండీ అనేసి ప్రూఫుల్లో తల దూర్చేసింది.

కొన్ని నెలలు పోయాక, ఒక సెలవునాడు ఆమెకి మనసు పీకి, ఆయన చివరి వ్యాసం పట్టుకుని అందులోని చెరువు చూడ్డానికి స్కూటరు మీద బయల్దేరింది. ఆయన ఎడమన్నచోట ఎడమకే తిరిగింది. చెరువు లేదు గానీ, బస్సులు తిరగడం మానేసిన ఒక పాత రోడ్డూ, దాని పక్కన రేకుల టీకొట్టూ కనిపించాయి. కొట్లో ఒక ముసలామె ఒంటరిగా కూర్చుని ఉంది.

"చెరువుకా అమ్మాయ్?"

"నీకెలా తెలుసు పెద్దమ్మా?"

"దారి తెలిసినవాళ్ళెవరు వస్తారిక్కడికి? ఈ కొండల్లో ఏ మలుపు తప్పినా ఈ రోడ్డే ఎక్కాలి. కూర్చో, ముందు టీ తాగు."

టీ కలుపుతూ ముసలామె చెప్పుకుపోయింది. "కొత్త రోడ్డు పడ్డాక మా కొట్టు మీద జాలిపడి, పేపర్లో గొప్పగా రాశాడొకడు. జనం కార్లేసుకొచ్చి, అయ్యో పాపం అంటూ తాగారు. నాకు ఒళ్ళు మండి, వాళ్ళ రాక ఆగేదాకా కొట్టు మూసేశాను. దారి తప్పినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి నాతో పనుంది. నేను చెప్పందే ఇంటికి పోలేరు."

"ఇప్పుడు వస్తున్నారా?"

"ఎక్కడా? కుడీ ఎడమా తెలియని మహానుభావుడెవడో పత్రికలో రాసేవాడట. అందరూ ఇక్కడే తేలేవాళ్ళు. ఈమధ్య బాగుపడ్డట్టున్నాడు. ఎవరూ తప్పిపోవడం లేదు. ఈ నెలాఖరుకి కొట్టు కట్టేస్తానమ్మా. ఎవరికోసం వెలిగించను పొయ్యి?"

దిక్సూచి గారు ఇంకొక్క ఏడాది ఎందుకు అడిగారో ఎడిటరమ్మకి అప్పుడర్థమైంది. ఇన్ని నెలలూ ఆ పొయ్యి ఆర్పింది తనేనని కుమిలిపోయింది. అటునుంచి అటే దిక్సూచి గారింటికి వెళ్ళింది.

"ఆ టీకొట్టు సంగతి ఒక్క మాట నాతో అనొచ్చు కదా మాస్టారూ?"

"తప్పని నీకూ తెలిశాక, దాన్ని నీ చేత్తో అచ్చువేయించడం నాకిష్టం లేకపోయిందమ్మా. తిట్లన్నీ నేనొక్కణ్ణే తింటే సరిపోతుంది కదా అనుకున్నాను."

ఆ శీర్షిక మళ్ళీ వేయాలని ఆమె యజమాని దగ్గర గట్టిగా పట్టుబట్టింది. ఇకమీద దారులన్నీ స్వయంగా చూసి అచ్చుకిస్తానని హామీ పడ్డాక గానీ అతను దిగిరాలేదు.

మొదటి వ్యాసం వచ్చింది. ఆమె ఉద్యోగం మీదికొస్తుందని భయపడ్డారేమో, ఈసారి దిక్సూచి గారు ప్రతి మలుపూ ఒకటికి రెండుసార్లు మ్యాపుతో సరిచూసుకుని, వీసమెత్తు తేడా లేకుండా రాశారు. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఎదురుగా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"బాగానే ఉందా అమ్మా?"

"అంతా బాగుందండీ. ఒక్కచోట తప్పు పడింది" అంటూ ఆమె కలం తీసి, రావిమాను దాటాక ఉన్న 'కుడి'ని కొట్టేసి, 'ఎడమ' అని రాసింది.