నా నంబరు ఆపా ఫోనులో

"మీ మెత్తళ్ళు మీ ఇంట్లో ఎండబెట్టుకోండి. నా గోడేమన్నా చేపల బజారా?"

"మా ఇంట్లో ఎండ పడితే నీ గోడ దాకా ఎందుకొస్తాను? ఎండ కూడా నీ సొంతమా?"

"ఎండ నాది కాదండీ, గోడ నాది. పెళ్ళికూతురి పట్టు జాకెట్టు. వాళ్ళమ్మ వాసన చూసి నా మొహాన పారేసి పోయింది."

"వాసన చూసుకోడానికి కుట్టించుకుంటారా, తొడుక్కోడానికా?"

ఆ చివరి మాట నాది. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఇద్దరిలో ఎవరం నవ్వలేదు. బెజవాడలో కొండ మీద, మెట్ల పక్కన, ఒకే పిట్టగోడకి ఇటు మా ఇల్లు, అటు ఆమె ఇల్లు. నేను ఎండుచేపలు అమ్మేదాన్ని, ఆమె జాకెట్లు కుట్టేది. నాకంటే చిన్నదే, అయినా వాళ్ళవాళ్ళు ఆపా, అంటే అక్క, అంటారని పేటంతా ఆపా అనేది, నేనూ అనేదాన్ని. ఆమె నన్ను అక్కా అనేది, నువ్వనేది. అలాంటిది ఆ రోజు "అండీ" అంది. (తిట్టినా పడేదాన్ని. మర్యాద ఇచ్చేసరికి పడలేకపోయాను.) మెత్తళ్ళన్నీ చేటలోకి ఎత్తుకుని వచ్చేశాను. అప్పట్నుంచీ మాటల్లేవు. నా చేపలు మా రేకుల మీద సగం ఎండీ సగం ఎండకా పిల్లుల పాలయ్యేవి. అయినా గోడ వైపు చూసేదాన్ని కాదు.

ఇప్పుడంటే కొత్తిమీర కట్టకి కూడా ఫోను చూపిస్తున్నారు. ఆ రోజుల్లో మనిషిని మనిషి గుర్తుపడితే సరిపోయేది. రేషను డీలరు నా మొహం చూసి "ఎండుచేపలామె" అని సంచి అందుకునేవాడు. తర్వాత ఆధార్ కార్డులొచ్చాయి. మునిసిపల్ బడిలో ఫొటోలు తీస్తున్నారంటే నేనూ ఆపా కలిసే వెళ్ళి వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చాక అక్కడి కుర్రాడు ఫోన్ నంబరు చెప్పమన్నాడు. నాకు ఫోనెక్కడిది? నెలనెలా డబ్బులు పోసి మేపాల్సిన వస్తువు ఇంట్లోకి ఎందుకని మావాడిని కొననివ్వలేదు. ఎవరితోనన్నా మాట్లాడాలంటే మెట్లు దిగితే సరి. నా వెనకే నిలబడ్డ ఆపా తల ముందుకు పెట్టి, "నాది రాయి బాబూ. మా ఇద్దరిదీ ఒకటే ఇల్లనుకో" అంది. ఖర్చు లేకుండా పనైపోయిందని నాకు సంతోషం. ఆ సంతోషంలో బ్యాంకులో అదే నంబరు, గ్యాసుకి అదే నంబరు, పెన్షనుకి అదే నంబరు ఇచ్చుకుంటూ పోయాను. మూడో క్లాసుతో చదువు ఆపినదాన్ని, నేర్చిన ఎక్కాలన్నీ మర్చిపోయాను గానీ ఆపా ఫోన్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

గొడవైన కొన్నాళ్ళకి నా కుడికన్ను మసకేసింది. ఎడమది అంతకుముందే పోయినంత పని. మెత్తళ్ళకీ రొయ్యపొట్టుకీ తేడా చేత్తో తడిమి చెప్పుకుంటున్నాను, చూపించుకోవడం మాత్రం వాయిదా వేస్తున్నాను. చివరికి కోడలు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పొర ముదిరిపోయిందనీ, రేషను కార్డు మీద ఉచితంగా ఆపరేషను చేస్తామనీ చెప్పి రోజు ఇచ్చారు. అయితే మా వార్డు సచివాలయం వాళ్ళు ఆధార్ కార్డులో నా వివరాలు సరిచూసి పంపాలి. రేపటిలోగా అందకపోతే నా వంతు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ వానాకాలం వెళ్ళాకే. అన్నాళ్ళు ఆ కళ్ళతో కొండ మెట్లు ఎక్కి దిగడం నా వల్ల కాదని నాకు తెలుసు. బేరం మానుకుని ఇంట్లో కూర్చోవడం నాకు ఇంకా వల్ల కాదు.

సచివాలయంలో ఒక చిన్నపిల్ల ఉద్యోగం చేస్తోంది, నెమ్మదైన పిల్ల. నా వేలు మిషను మీద పెట్టించింది. పడలేదు. ఇంకో వేలు పెట్టించింది. అదీ పడలేదు. ఏళ్ళ తరబడి ఉప్పులో నానిన వేళ్ళు, గీతలు ఎక్కడుంటాయి? అయితే కన్ను చూపించమంది. నేను కన్ను పెట్టాను, మిషను ఎంత చూసినా నేనెవరో దానికి తెలియలేదు. "అమ్మా, పొర అడ్డమొస్తోంది. ముందు కన్ను బాగుచేయించుకుని వస్తే పడుతుందేమో" అంది. "బాగుచేయించుకోడానికే గదమ్మా వచ్చాను" అన్నాను. ఆ పిల్లకి నవ్వాగలేదు, పాపం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక ఒకటే దారి ఉందంది. ఆధార్ కార్డులో ఉన్న ఫోనుకి ఓటీపీ వస్తుంది, అది చెబితే చాలు. "చివర్న నలభై ఆరు. ఎవరిదమ్మా?" అంది. ఎవరిదో నాకు తెలుసు. నేనే ఫోన్ చేసి కనుక్కుంటానంది. వద్దన్నాను. ఇంటికొచ్చేశాను.

కోడలు వెళ్ళి అడగమంది. తను అడుగుతానని కూడా అంది. అక్కర్లేదని, సాయంత్రం గోడ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. అవతల కుట్టు మిషను టకటకమంటోంది. నేను ఎదురుగా ఉన్న పిల్లికి చెప్పాను, "చూశావుటే, నేను నేనేనని చెప్పడానికి నేను పనికిరానంట. పక్కవాళ్ళ ఫోను చెప్పాలంట." మిషను చప్పుడు ఆగింది.

ఆపా తన మిషనుకి చెప్పింది. "ఆ ఫోను చెప్పకపోతే మొన్న సిలిండరు ఎట్లా దిగిందనుకున్నారంటావ్?"

నేను తలెత్తాను. మాటల్లేకుండా పోయాక గ్యాసు వచ్చిన మాట నిజమే. గ్యాసతనికి ఏదో నంబరు చెప్పాలని నాకు తెలుసు, కోడలు చూసుకుందిలే అనుకున్నాను. కోడలేమో నేను చూసుకున్నాననుకుందిట. అతను ఆపాకి ఫోన్ చేశాడు, ఆమె చెప్పింది, సిలిండరు దించి పోయాడు. పెన్షను పడిందనీ, బ్యాంకు వాళ్ళు ఏదో కోశారనీ వచ్చిన కబుర్లన్నీ ఆమె ఫోనుకే వచ్చాయి. నా సంసారమంతా గోడకి అటు వైపు నడుస్తోంటే నేను ఇటు కూర్చుని పంతం పట్టుకుని ఉన్నాను.

పిల్లితో ఇంక పని లేకపోయింది. "రేపు పొద్దున ఆ ఫోను పట్టుకుని సచివాలయం దాకా వస్తావా ఆపా?" అన్నాను.

"పెద్ద పెళ్ళివాళ్ళ పని ఉంది" అంది ముందు. తర్వాత, "పెందలాడే పోదాం. ఎండెక్కితే మెట్ల మీద నీకు కనపడదు" అంది.

మర్నాడు పొద్దున ఆమె ముందు దిగింది, నేను ఆమె భుజం పట్టుకుని వెనక దిగాను. సచివాలయంలో ఆ పిల్ల ఏదో నొక్కింది. ఆపా ఫోను మోగింది. ఆపా కళ్ళజోడు సర్దుకుని నంబరు గట్టిగా చదివింది. అంతటితో ఆగక, కింద రాసి ఉన్న "ఈ నంబరు ఎవరికీ చెప్పరాదు" అన్నది కూడా అందరికీ వినపడేలా చదివింది. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. కాగితం వెళ్ళిపోయింది, నా వంతు నాకు నిలిచింది.

ఆ పిల్ల మంచికే చెప్పింది, ఆధార్ సెంటరులో యాభై రూపాయలు కడితే మా కోడలి నంబరు ఎక్కించుకోవచ్చని.

"యాభయ్యా? వద్దులేమ్మా, ఉన్నది బాగానే ఉంది" అన్నాను.

"ఆ యాభై నేనిస్తాలే అక్కా, నాకీ కాపలా తప్పుతుంది" అంది ఆపా.

"నీ డబ్బు నాకెందుకు?" అన్నాను.

(ఆ నంబరు ఇవాళ్టికీ మార్చలేదు. ఇప్పుడు నాకూ ఫోనుంది, మనవరాలు కొనిచ్చింది. ఆపరేషను చేసిన కన్ను కూడా బాగానే ఉంది. అడిగితే యాభై రూపాయలు దండగని చెబుతాను, నమ్మేవాళ్ళు నమ్ముతారు.)

ఇంటికొచ్చేసరికి ఎండ గోడ మీదకి వచ్చింది. ఆపా తన గడపలో నిలబడి, లోపల దండెం మీదున్న పెళ్ళివాళ్ళ బట్టల్ని ఓసారి చూసుకుంది.

"ఇవాళ పెళ్ళి జాకెట్లేం లేవు. వేసుకో" అంది.

నేను చేట తెచ్చి మెత్తళ్ళు గోడ మీద పరిచాను.