నూకరత్నం తుక్కు డబ్బా

2022 వేసవి. పరవాడ వైపు ఒక పవర్ ప్లాంటులో షట్‌డౌన్, అంటే బాయిలర్ ఆపి మరమ్మతులు చేసే పని, నెలరోజుల్లో మొదలవ్వాలి. మా కాంట్రాక్టరుకి మిర్రర్ వెల్డర్ ఒక్కరే కావాలి. బాయిలర్ గొట్టాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వెనకవైపు అతుకు కంటికి కనబడదు. అద్దం పెట్టి, అందులో చూస్తూ వెల్డింగ్ చెయ్యాలి. చేతిని ముందుకు జరిపితే అద్దంలో వెనక్కి వస్తుంది.

పద్దెనిమిదేళ్లుగా వెల్డింగ్ టార్చి పట్టినవాణ్ణి, ఆ పని నాదేననుకున్నాను. సూపర్‌వైజర్ టెస్టుకి ఇంకో పేరు కూడా రాశాడు. నూకరత్నం. జాలరిపేట ఆవిడ, ముప్ఫై దాటాయి, మా కాంట్రాక్టరు యార్డుకి పనికొచ్చి మూడేళ్లు. ఆమెకి టార్చి పట్టడం నేర్పిందే నేను. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్రాక్టీసుకి పక్కపక్కనే రెండు వెల్డింగ్ గదులిచ్చారు. నేను రోజుకి నాలుగు జాయింట్లు పూర్తిచేసి వరసగా పేర్చేవాణ్ణి. పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు. ఆమె ఒక్కటీ పూర్తిచేసేది కాదు. ముందు అరగంటసేపు వెలిగించని టార్చితో, అద్దంలో చూస్తూ సుద్దగీత వెంట చెయ్యి తిప్పేది. తర్వాత, కుడినుంచి ఒక సగం, ఎడమనుంచి ఒక సగం వేసుకొచ్చే అతుకులో, వెనకవైపు ఆ రెండు సగాలు కలిసే అంగుళం మేరే వెల్డ్ చేసేది. కోసి లోపల చూసేది, తుక్కు డబ్బాలో పడేసేది. మళ్లీ అదే అంగుళం.

అందరూ టీకి వెళ్లాక నేను ఆ డబ్బాలోకి తొంగిచూసేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది నిండుతున్నకొద్దీ నా కడుపు చల్లబడేది. తోటి వెల్డర్ అప్పలరాజుని పిలిచి మరీ చూపించాను.

"సూడు బావా, ఎన్ని పాడుసేసిందో. ఈవిడా నాకు పోటీ!"

"మరి నీ డబ్బా కాళీగా ఉందేటి బావా?"

"నాను పాడుసేత్తే కదా!"

టెస్టుకి రెండు రోజుల ముందు నూకరత్నమే వచ్చి అడిగింది. "అన్నయ్యా, నీదొకటి కోసి సూపించవేటి? ఎనకాల ఆ రెండు సగాలూ నువ్వెలా కలుపుతన్నావో సూత్తాను."

నా పనితనం ఆమె చేతికి అందకూడదనుకున్నాను. "నీ పని నువ్వు సూసుకోమ్మా" అన్నాను.

టెస్టు జాయింట్లకి ఎక్స్‌రే తీశారు. ఆమె ఫిల్ములో మచ్చ లేదు. నా దాంట్లో సగాలు కలిసేచోట నల్లటి గీత. లాక్ ఆఫ్ ఫ్యూజన్ అంటారు, లోపల లోహం కరిగి కలవలేదన్నమాట. పని ఆమెకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను పేర్చుకున్న జాయింట్లు ఒక్కొక్కటే కోశాను. ప్రతి నాలుగు జాయింట్లలో మూడింట అదే చోట, అదే గీత. ఇన్నాళ్లూ నేను సాధన చేసింది తప్పునే. నూకరత్నం వచ్చి పక్కన కూర్చుంది.

"ఆయేళ కోసుంటే ఇద్దరం సూసేవోళ్లం కదా అన్నయ్యా."

మరుసటి ఏడు నేనూ పాసయ్యాను. షట్‌డౌన్ లిస్టులో ఆమె పేరు నా పేరుకి పైన కనబడితే ఇప్పటికీ మండుతుంది. అలా మండిన రోజున, ప్రాక్టీసు జాయింట్లలో బాగా కుదిరిందనుకున్నదాన్నే తీసి కోస్తాను.