టర్కీలో నేను చేసిన కుండ

మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్‌కి మేనేజరు. రెండువేల ఆరులోనో ఏడులోనో, కొత్త మిషన్లు చూసి రమ్మని ఓనరు ఆయన్ని టర్కీ పంపిస్తే నేనూ వెంటపడి వెళ్లాను. పని అయ్యాక కపడోకియా చూపించారు. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి కొండలైన చోటది. పొద్దున్నే బెలూన్ ఎక్కించారు. నేను కిందికి చూసి కేరింతలు కొడుతుంటే, ఆయన బుట్ట అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. దిగాక మాత్రం కొండని గోటితో గీకి, "ఇదీ ఒక రాయేనా! మా క్వారీలో దీన్ని లారీ కూడా ఎక్కించరు" అన్నారు.

అక్కణ్ణుంచి టూరిస్టు బస్సులో కుండలు చేసే ఊరికి తీసుకెళ్లారు. పెద్ద మీసాల కుమ్మరి కాలితో సారె తన్నుతూ చిటికెలో కూజా లేపాడు. "ఎవరైనా చేసి చూస్తారా?" అన్నాడు గైడు. నేను చెయ్యెత్తేశాను.

నేను అద్దంకి దగ్గర కుమ్మరింట్లో పుట్టాను. నాన్న సారె మీద లేపిన కుండ కాస్త ఆరాక, లోపల గుండ్రాయి ఆనించి పైన చెక్కతో తట్టి, పల్చగా, గుండ్రంగా చేసేది అమ్మే. ఆ తట్టడం నాకూ నేర్పింది. కానీ ఆడది సారె ముట్టకూడదు. పదేళ్లప్పుడు ఒకసారి ముట్టుకుంటే నాన్న చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. ఊరందరికీ అవి "ఆయన కుండలు". ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక్క కుండ, మొదట్నుంచీ చివరిదాకా నా చేత్తో చెయ్యాలని అప్పటినుంచీ కోరిక.

చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చున్నాను. కాలు చెప్పినట్టు చెయ్యి వినదు, చెయ్యి చెప్పినట్టు కాలు వినదు. చివరికి మందంగా, వంకరగా ఒక ముంత తేలింది. బస్సులో వచ్చినవాళ్లంతా పకపకా నవ్వారు. మా ఆయన కూడా!

"ఇక చాల్లే, లే. బస్సు పోద్ది."

"బెలూన్లో మీరు కళ్లు మూసుకుంటే నేను నవ్వానా? ఆగండి."

ముంతని ఎండలో పెట్టించాను. అక్కడే మా అందరి భోజనాలయ్యేసరికి కాస్త బిగిసింది. కుమ్మరికి సైగ చేసి గుండ్రాయి, చెక్కముక్క తెప్పించుకున్నాను. లోపల రాయి, పైన చెక్క. టప్, టప్, టప్. నా చేతులు ఏదీ మర్చిపోలేదు. వంకర పోయింది, మందం తగ్గింది, పొట్ట నిండుగా వచ్చింది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా! కుమ్మరి దాన్ని చుట్టూ తిప్పి చూసి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. సంతోషంతో నాకు ఏడుపొచ్చేసింది.

గైడుని బతిమాలి ఫోన్ తీసుకుని పుట్టింటికి చేశాను. అమ్మే ఎత్తింది.

"కుండ చేశానమ్మా!"

"బాగా తట్టావా?"

"తట్టడమే కాదు. సారె కూడా నేనే తిప్పాను."

అటునుంచి అమ్మ గొంతు ఖంగుమంది.

"ఉండు, మీ నాన్నకిస్తున్నా. ఆ మాటే ఆయనతో చెప్పు. గట్టిగా చెప్పు."