సోడాబుడ్డి అద్దాలు తీసిన పొద్దు

మొన్న జనగామలో చదువుకునే అద్దాలు కొనుక్కుంటుంటే, దుకాణం బల్ల మీద ఎవరివో ప్లస్ పవర్ అద్దాలు కనిపించాయి. మధ్యలో ఉబ్బి, సోడాబుడ్డి అడుగులా ఉన్నాయి. మా మేనత్త గుర్తొచ్చింది. అలాంటి అద్దాల వెనక ఆమె కళ్లు ఎంత పెద్దగా కనిపించేవంటే, చిన్నప్పుడు ఆమె ముందు అబద్ధమాడే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.

పెద్దవంగర దగ్గర మా తాత జొన్నచేనుకు చిన్నతనంలో కావలి ఆమేనట. మంచె ఎక్కితే చేను చివర వాలే చిలుకల గుంపును అందరికన్నా ముందు పసిగట్టేదట. అంత దూరం చూసే పిల్లకు కళ్లలో లోపమేముంటుందని ఇంట్లోవాళ్ల ధీమా. పలక పట్టుకుంటే తలనొప్పి అన్నప్పుడల్లా బడి ఎగ్గొట్టే వేషాలనుకున్నారు. దగ్గరి చూపే లేదని తేలేసరికి ఒక కన్ను పూర్తిగా మందగించింది. పెళ్లికి ముందే ఆ బరువైన అద్దాలు వచ్చాయి. మిగిలిన ఒక్క కంటితోనే సంసారం, మిర్చితోట, మొగుడితో, అంటే మా మామతో, పోట్లాటలు అన్నీ నెట్టుకొచ్చింది. వయసు మీద పడ్డాక అద్దాలు తీస్తే దగ్గరా లేదు, దూరమూ లేదు, అంతా మసకే.

కొన్నేళ్ల కింద వరంగల్‌లో చూపించాం. ఇంత పవర్‌కు లేజర్ పనికిరాదని, మిర్చి ఏరే చేతులతో కాంటాక్ట్ లెన్సులు అసలే వద్దని, కంటిలోని లెన్సు తీసి వేరేది అమర్చవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మామ అడ్డుపడ్డాడు.

"ఉన్నదే ఒక్క కన్ను. గదీ పోతే ఎట్ల?"

"పొద్దుగాల లేవంగనే అద్దాలు తడుముకోకుండ మనిషి మొకం కనవడాలె. గంతే," అంది అత్త.

ఆపరేషన్ అయిన మర్నాడు పట్టీ విప్పుతుంటే మేమంతా చుట్టూ చేరాం. అత్త కన్ను తెరిచి, ఎదురుగా నిలబడ్డ మామను కిందికీ మీదికీ చూసింది.

"ఏందయ్యా, గింత చిక్కినవు? తింటలేవా?"

ఆ అద్దాలు ఇన్నాళ్లూ లోకాన్ని పెద్దది చేసి చూపించాయని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది.

"పెండ్లినాటి సంది నేను గింతనే," అన్నాడు మామ మెల్లగా.

అత్త లేచి వెళ్లి ఆయన భుజాలు రెండు చేతులతో తడిమి చూసుకుంది. అద్దాలు లేని ఆమె ముఖం మాకూ కొత్తే, కళ్లు ఇంత చిన్నవా అనిపించింది. మామ కళ్లు తుడుచుకున్నాడు. ఒక జీవితమంతా కలిసి గడిపేశాక కూడా, పక్కనున్న మనిషిని మొదటిసారి చూసే పొద్దు ఒకటి మిగిలే ఉంటుంది కాబోలు.