ఉన్నచోటే నిలబడండి

మా అయ్యగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. స్కూలుకి వెళ్లడానికి కంకిపాడు సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేసింది మా చెల్లి. "అక్కా, అయ్యగారు వెళ్లిపోయారు" అంది, అంతే. బస్సొచ్చింది, ఎక్కాను, టిక్కెట్టు కూడా తీసుకున్నాను. పోరంకి దాటాక గాని ఏడుపు రాలేదు. పక్కనున్నావిడ "ఎవరమ్మా, నాన్నగారా?" అని అడిగితే అవునన్నాను. అబద్ధమే, కానీ పెద్ద అబద్ధమేం కాదు.

అయ్యగారంటే మా ఊరి గుడి పాస్టరుగారు. మాది ఇంగ్లీషు దొరలు కట్టించిన ఆంగ్లికన్ గుడి. పాస్టర్లకి బదిలీలుంటాయి. ఈయన మా ఊరికి రెండుసార్లు వచ్చారు. మొదటిసారి వచ్చినప్పుడు మా చెల్లికి బాప్తిస్మమిచ్చారు. రెండోసారి వచ్చినప్పుడు జరిగిందే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఆయన్ని ఆకాశానికెత్తడానికి కూర్చోలేదు. ఆయనంటే నాకు ప్రాణం. ఆయన మీద కోపమూ ఇంకా పోలేదు.

మోపెడ్ మీద తిరిగేవారు. ఎవరింటికెళ్లినా ముందు "ఏం కూరమ్మా?" అనేవారు. కాఫీ సాసర్లో పోసుకుని, చల్లారిందాకా ఊదుకుంటూ ఇంటిల్లిపాది పేర్లూ అడిగేవారు. ఇక ప్రార్థనంటారా, బోరుకి మోటారు బిగిస్తే అయ్యగారు రావాలి, చేపల చెరువు తవ్వితే అయ్యగారు రావాలి, ఆటో కొంటే అయ్యగారు రావాలి. పక్కింటి అత్త గేదె పాలివ్వడం మానేస్తే దాని వీపు మీద కూడా చెయ్యేసి ప్రార్థన మొదలెట్టారు. ఆమెన్ అనేలోపే అది కాలు విసిరింది. "దీనికి విశ్వాసం తక్కువమ్మా, రేపు మళ్లీ వస్తాను" అని పంచె దులుపుకున్నారు. నిజంగానే మర్నాడు వచ్చారు.

ఆదివారం ఆరాధనలో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రసంగం అయ్యాక "ఈ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్లు ముందుకు రండి" అనేవారు. కొత్త చీరలు, ఇస్త్రీ చొక్కాలు బిలబిలా వెళ్లి మోకరించేవి. ఒక్కొక్కరి తల మీదా చెయ్యిపెట్టి దీవించేవారు. ఒకసారి పుట్టినరోజని ఒకాయన, తోడుగా ఆయన చెల్లెలు వచ్చి పక్కపక్కనే మోకరిస్తే, దంపతులనుకుని "వీరి కాపురాన్ని కలకాలం కాయుము తండ్రీ" అనేశారు. గుడి గుడంతా గొల్లుమంది. ఆయనా నవ్వేశారు. "పోనీలెండి, దీవెన వృథా పోదు. దార్లో ఎవరో ఒకరికి తగుల్తుంది" అన్నారు. ఆ మాట మా ఊళ్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

మా చెల్లి విజయవాడలో నర్సు. దాంతో ఉండే కరుణ గవర్నర్‌పేటలో సర్జికల్ సామాన్ల షాపులో పనిచేస్తుంది. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. స్నేహితురాళ్లని నేననుకునేదాన్ని. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. ఒకరోజు చెల్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదోరోజు కరుణ గోంగూర పచ్చడి పంపితే తిన్నాను.

సరిగ్గా అప్పుడే ఇంగ్లండు సంఘంలో గొడవ మా వాట్సప్‌లోకి వచ్చిపడింది. ఆడా ఆడా, మగా మగా జంటలను గుళ్లో దీవించవచ్చని అక్కడివాళ్లు ఒప్పుకున్నారట, ఆఫ్రికా బిషప్పులు మీతో మాకు పొత్తు లేదన్నారట. మా గుడి కమిటీ రెండుగా చీలింది. "దొరలు గుడి కట్టారు గాని మనల్ని కొనలేదు, ఇది పాపమని రాసి అందరం సంతకాలు పెడదాం" అని ఒక వర్గం. "ఎక్కడో లండన్‌లో వానపడితే ఇక్కడ గొడుగెందుకయ్యా?" అని రెండో వర్గం. వాన మా ఇంట్లోనే పడుతోందని వాళ్లకి తెలియదు. కాగితం నా ముందుకొచ్చినప్పుడు నేను మాత్రం ఏం పొడిచాను? తలనొప్పని ఇంటికెళ్లిపోయాను.

ఆ వారమే చెల్లి అయ్యగారిని మా ఇంటికి పిలిచి అడిగింది. "మేం కలిసి బతకడం మొదలెట్టిన రోజు వచ్చే ఆదివారం అండీ. పెళ్లని అనొద్దు, పేర్లు చదవొద్దు. అందరితోపాటు వచ్చి మోకరిస్తాం. తల మీద చెయ్యిపెట్టండి, చాలు."

ఆయన సాసర్లో కాఫీ వంకే చూస్తూ కూర్చున్నారు. "నలభై ఏళ్లుగా ఈ బైబిలే చదువుతున్నానమ్మా. ఈ ఒక్కటీ నాకు తేలట్లేదు. తప్పందామంటే నోరు రావట్లేదు. దీవిద్దామంటే చెయ్యి రావట్లేదు."

"అన్నాచెల్లెళ్లని పొరపాటున దీవించారు కదండీ. మమ్మల్ని తెలిసి దీవించలేరా?"

ఆయన సాసరు కింద పెట్టి లేచారు. కాఫీ వదిలేసి వెళ్లిపోవడం ఆయన జన్మలో అదే మొదలు.

ఆదివారం వచ్చింది. చెల్లి, కరుణ మూడో వరసలో తెల్లచీరల్లో కూర్చున్నారు. అయ్యగారు "ఈ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు..." అని ఆగిపోయారు. కరుణ సగం లేచింది. ఆయన చూశారు. "అందరూ ఉన్నచోటే నిలబడండి" అన్నారు. గుడంతా లేచి నిలబడింది. ఆయన ప్రభువు బల్లవైపు తిరిగి అందరికోసం కలిపి ఒక్క ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరినీ ముందుకు పిలవలేదు.

కరుణ సగం లేవడం అందరూ చూశారు, ఆ ఇద్దరి సంగతి వారంలో ఊరంతా పాకింది. దాంతో అయ్యగారు ఎవరికీ కాకుండా పోయారు. గుంపులో కలిపి వాళ్లని దొంగచాటుగా దీవించాడని ఒక వర్గం. వాళ్ల మూలాన మా పెళ్లిరోజులు మింగేశాడని రెండో వర్గం. ఆర్నెల్లలో సగంమంది విడిపోయి ఫంక్షన్ హాల్లో వేరే ఆరాధన పెట్టుకున్నారు. చెల్లి మా గుడి గడప తొక్కడం మానేసింది. "మమ్మల్ని పిలవడం ఇష్టంలేక ఊరందర్నీ ఆపేశాడక్కా, ఇదేం న్యాయం?" అంది.

ఆయన రిటైరై గన్నవరంలో ఉంటున్నప్పుడు ఒకసారి వెళ్లాను. నేను అడక్కుండానే అన్నారు: "ఎవరూ విడిగా మిగిలిపోకూడదని అందర్నీ నిలబెట్టానమ్మా. ధైర్యం చాలక చేసిన పని, మంచిపని ఎలా అవుతుంది? చెల్లిని ఒకసారి రమ్మను." చెల్లికి చెప్పాను. "రమ్మని ఆయన్నే అనమను" అంది. ఇద్దరూ ఇద్దరే. నేను మధ్యలో ఉండి ఏమీ చెయ్యలేకపోయాను. ఇంకోసారి బతిమాలాల్సింది. బతిమాలలేదు.

పోయిన నెల ఆయనకి పక్షవాతం వచ్చింది. తీసుకొచ్చింది చెల్లి పనిచేసే ఆసుపత్రికే. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆ పది రోజులూ ఆయనకి ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది చెల్లే. కరుణ రోజూ షాపు నుంచి వచ్చి అయ్యగారి భార్యకి క్యారియరిచ్చి కాసేపు కూర్చునేది. ఆవిడ "మా తల్లులే" అని ఇద్దరి చేతులూ పట్టుకునేవారు.

చివరి ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. చెల్లి ఆయన కుడిచెయ్యి ఎత్తి వేళ్ల సందులు తుడుస్తోంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న కరుణ ఏమనుకుందో ఏమో, మెల్లగా తల వంచింది. "పెట్టవే, ఆ చెయ్యి కరుణ తల మీద పెట్టు, నువ్వూ పెట్టించుకో. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

చెల్లి ఆ చెయ్యి పట్టుకునే ఆయన వైపు తిరిగింది. ఆయన దాని మొహంలోకే చూస్తున్నారు. ఒక కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కన్ను పక్షవాతం వచ్చిన రోజు నుంచీ కారుతూనే ఉంది, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

"ఆయన ఇవ్వాలక్కా. నేను తీసుకుంటే అది దీవెన కాదు" అంది.

చెయ్యి తడి ఒత్తి, నెమ్మదిగా పక్కమీద పెట్టి దుప్పటి కప్పింది. కరుణ ఇంకా తల వంచుకునే ఉంది.