చేప దవడకు గీసిన గడి

ఈ ఉదయం బల్ల సొరుగులోంచి పాత కళ్ళజోడు పెట్టె తీసి, చూడకుండా వేళ్ళు లోపలికి పోనిచ్చాను. బొటనవేలికి గరుకుగా ఏదో తగిలింది. అందులో ఉన్నది కళ్ళజోడు కాదు, వాలుగ చేప దవడ ఎముక. నా వేలంత పొడవుంటుంది. దాని అంచు నిండా ఇసుక కాగితాన్ని తడిమినట్టుండే సన్నని పళ్ళు. రేపు సాలూరు అవతల కొండ ఊళ్ళో ఉన్న ఆడపిల్లల హాస్టలుకు మా రాట్నం బృందం వెళుతోంది. సామాన్ల జాబితాలో మొదటి వస్తువు ఇదే. డెబ్భై రెండేళ్ళ వయసులో, బడి విహారయాత్రకు వెళ్ళే పిల్లాడిలా పొద్దున్నే సంచీ సర్దుతున్నానని మా ఆవిడ కాంతం నవ్వుతోంది. ఆమె నవ్వు సంగతి సరే. ఈ ఎముక నా చేతికెలా వచ్చిందో, దీన్ని నాకిచ్చిన దీవెనమ్మ గారు ఎలాంటి మనిషో ఆమెను చూడని వాళ్ళకు చెప్పాలని పాత డైరీలు ముందు వేసుకుని కూర్చున్నాను.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. భూమి కొలవడం, కొలిచింది రాయడం నా ఉద్యోగం. రోజూ డైరీ రాయడం ఉద్యోగం కంటే ముందు నుంచీ ఉన్న అలవాటు. మాది బొబ్బిలిలో కిరాణా కొట్టు కుటుంబం. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. రిటైరైన రెండో నెలలో, బాప్టిస్టు చర్చి పక్క హాలులో శనివారాలు నూలు వడకడం నేర్పుతున్నారని విని, పొద్దుపోక వెళ్ళాను. పదిమంది దాకా ఆడవాళ్ళు రాట్నాల ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య తెల్లచీరలో పొట్టి మనిషి, దీవెనమ్మ గారు. పొందూరు దగ్గర పల్లెలో ఎనిమిదో ఏట రాట్నం పట్టి, డెబ్భై దాటాక కూతురి దగ్గరకు బొబ్బిలి వచ్చారు. వచ్చినావిడ ఊరుకోలేక ఈ బృందాన్ని పోగేశారు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "ఏటి బావూ, సూసి పోదామనొచ్చినావా, సేసి పోదామనా?" అన్నారు. చెప్పులు విడిచి కూర్చున్నాను.

మూడో శనివారం నా చేతిలోంచి మొదటి పోగు వచ్చింది. ఎడమచేతిలోని ఏకు, అంటే దూదిని చుట్టిన మెత్తని కడ్డీ, కరుగుతున్నట్టు సన్నబడుతూ దారమై సాగింది. ఇన్నేళ్ళూ గీతలు కొలిచిన వాణ్ణి, ఒక గీత నా చేతిలోనే పుట్టడం చూసి గట్టిగా కేకేశాను. అందరూ నా వైపు తిరిగారు. కేకతోపాటే పోగు తెగింది. "అరిస్తే తెగదేటి మరి! అతుకెట్టు, మళ్ళీ లాగు," అన్నారు దీవెనమ్మ గారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దూది ఏకు కావడానికి ముందు పత్తిని గింజతో సహా దువ్వాలి. పొందూరు వైపు ఆ పని వాలుగ చేప దవడతో చేస్తారు. చెత్త రాలిపోయి, గింజ చుట్టూ పోగులన్నీ వరసగా విచ్చుకుంటాయి. దాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. బృందంలోని టైలరు సరోజిని నా వాటా పత్తి కూడా దువ్విపెట్టేది. అలా ఎన్నాళ్ళని? చేప అక్కర్లేకుండా ఇంకో దారి కనిపెడతానని దీవెనమ్మ గారితో అన్నాను. ఆవిడ నవ్వలేదు. "సూడు. సూసింది రాసుకో," అన్నారంతే.

డైరీలో పట్టిక గీశాను. వస్తువు ఒక వరస, దానితో దువ్విన పత్తి పోగు ఎన్ని మూరలకు తెగిందో ఒక వరస. టూత్ బ్రష్షు, రెండు మూరలు. కొబ్బరి పీచు, మూర కూడా లేదు. పేనుదువ్వెన తీసుకెళ్ళిన రోజు హాలంతా గొల్లుమంది. "ఓలమ్మ! పత్తికి పేలట్టినాయేటి బావూ?" అంది సరోజిని. దీవెనమ్మ గారు మాత్రం ప్రతిసారీ పోగును వెలుతురులో పట్టి చూసి, "తెగిందని రాస్తే సాలదు, ఎక్కడ తెగిందో కూడా రాయి," అనేవారు. అలా తొమ్మిది వస్తువులు అయ్యాయి. ఒక శనివారం ఆవిడ నా డైరీ చేతిలోకి తీసుకుని, పట్టికలో చివరి గడి మీద వేలు పెట్టారు.

"ఇది ఖాళీగున్నాదేటి?"

"అది చేప దవడకమ్మా. అది చెయ్యలేదు."

"సెయ్యని దానికి గడెందుకు గీసినావు?"

పట్టికన్నాక అన్ని వస్తువులూ ఉండాలి కదా అని గీశాను. కానీ ఆవిడ అడిగాక ఆ ఖాళీ గడి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆ ఏడాది వానాకాలానికి దీవెనమ్మ గారి చేతులు వణకడం మొదలైంది. రాట్నం ఎలాగో తిప్పేవారు గాని, దువ్వడం చేతకావడం లేదు. "వడకడానికి మీరందరూ ఉన్నారు. దవడ అట్టుకునేది నా తరవాత సరోజినొక్కతే. ఒక్క సిన్నపిల్లయినా అట్టుకుంటే బాగుణ్ణు, లేపోతే ఈ పని మాతోటే పోద్ది," అన్నారు ఒకరోజు. అందుకే ఆ ఏడాది మొదటిసారి ఈ హాస్టలుకు వెళ్ళాలనుకున్నాం. ఆ పిల్లల ఇళ్ళ దగ్గర కొండ పోడులో పత్తి పండుతుంది. తలా గుప్పెడు తెప్పించమని హాస్టలు టీచరమ్మకు ముందే కబురు చేశాం. ఆ కార్యక్రమం మొత్తానికి పథకం వేసింది నేనే. ఏ నిమిషానికి ఏం చెప్పాలో రెండు పేజీలు రాసుకున్నాను.

నలభై మంది పిల్లలు వరండాలో కూర్చున్నారు. వాళ్ళ ఒళ్ళలో తెల్లటి పత్తి. నేను ఉత్సాహంగా చెప్పుకుపోతూ దవడ దగ్గరికి వచ్చాను. దాన్ని అందరికీ చూపించాలి. జేబులోంచి చేతిరుమాలు తీసి, దానితో ఎముకను పట్టుకుని ఎత్తి చూపించి, ముందు వరసలోని పిల్లకిచ్చాను. ఆ పిల్ల ఓణీ చెంగు చేతికి చుట్టుకుని, దాంతో అందుకుంది. పక్క పిల్లా అంతే. ఆ పక్క పిల్లా అంతే. చేపల కూర లొట్టలేసుకుని తినే పిల్లలు! ఒక్కరూ వేలితో ముట్టుకోలేదు. ఒకమ్మాయి ముక్కు కూడా మూసుకుంది. దీవెనమ్మ గారు తన వణికే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ చెంగుల్నే చూస్తున్నారు. ఆవిడ వెతుక్కుంటూ వచ్చిన ఆ ఒక్క పిల్ల ఈ వరసలో ఉండి ఉంటే, ఆ పిల్లకు అసహ్యం నేర్పింది నేను.

ఇంతలో సుభద్ర అనే పిల్ల, పదమూడేళ్ళుంటాయేమో, ఎముకను తిప్పి తిప్పి చూసి నన్నే అడిగింది. "తాతా, గుడ్డతో అట్టుకుంటే దువ్వడమెలాగ?"

రాసుకున్న రెండు పేజీలూ పక్కన పెట్టాను. రుమాలు జేబులో పెట్టేశాను. ఉత్త చేత్తో ఎముక అందుకుని ఆ పిల్ల ఎదురుగా నేలమీద కూర్చున్నాను. రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని గీకాను. మొదటి గింజ మీది పత్తి పీలికలైపోయింది. "అలా గీకకు బావూ, పాపాయి జుత్తనుకో," అన్నారు దీవెనమ్మ గారు. రెండోది దువ్వుతుంటే పోగులు గింజ చుట్టూ పువ్వులా విచ్చుకున్నాయి. చేతిలో ఉన్నది చేపన్న సంగతే మరిచిపోయాను. "నాకియ్యి, నాకియ్యి," అంటూ సుభద్ర లాక్కుంది. చెంగు ఎప్పుడు జారిపోయిందో ఆ పిల్లకే తెలియదు. ఆ తరవాత వరండా అంతా ఒకటే గోల. సరోజిని గింజలు తీసి, ఏకులు చుట్టి ఇచ్చింది. నేను వడికాను. ఎంతకీ తెగదే! రాట్నం కదురు మీది పోగు కొస పట్టుకుని సుభద్ర వరండా చివరికి నడిచింది. పోగు నేలను తాకకుండా ఒక్కో పిల్లా మధ్యలో నిలబడి దాన్ని అరచేతుల మీద మోసింది. "ఆగండే, లాగకండే!" అని దీవెనమ్మ గారు చప్పట్లు కొడుతూ అరుస్తున్నారు. అరిస్తే తెగుతుందని నాకు నేర్పిన మనిషి!

తిరుగు ప్రయాణంలో జీపులో ఆవిడ ఎముకను నా చేతిలో పెట్టి, "నువ్వుంచు. ఆ పిల్లొస్తాది, అప్పుడు కావాల," అన్నారు. ఇంటికి తెస్తే కాంతం, "వంటింటి గడప దాటిందంటే మీరూ దానితోపాటే బయట," అంది. అందుకే అది నా బల్ల సొరుగులో చేరింది. ఆ సాయంత్రం డైరీ తెరిచాక గుర్తొచ్చింది, ఆ పోగును నేను కొలవనే లేదు. ఉద్యోగ జీవితంలో అలాంటి పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు. చివరికి ఆ గడిలో ఇలా రాశాను: "చేప దవడ. పదకొండు మంది పిల్లల పొడవు. తెగలేదు."

దీవెనమ్మ గారు పోయి నాలుగేళ్ళయింది. సుభద్ర డిగ్రీ చదువుకు బొబ్బిలి వచ్చినప్పటి నుంచీ శనివారాలు హాలుకు వస్తోంది. రేపు హాస్టల్లో పిల్లలకు దువ్వడం నేర్పేది తనే. నేను ఇప్పటికీ ఏ పనికైనా ముందు పట్టిక గీస్తాను. నేను చెయ్యనని గట్టిగా అనుకున్న దానికి అందులో ఒక గడి తప్పకుండా ఉంచుతాను. ఇప్పుడే రేపటి జాబితా మరోసారి చూసుకున్నాను. చేప దవడ, ఏకులు, రెండు రాట్నాలు, మంచినీళ్ళు, చేతిరుమాలు అని ఉంది. చేతిరుమాలు కొట్టేశాను.