చిన్నాన్న వర్క్‌షాపులో రాతి టంబ్లరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండేది కాదు. ఐటీఐ పూర్తిచేసి, సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించుకుని, కొత్తగా ఒక చవక స్మార్ట్‌ఫోను కొనుక్కున్న ఏ కుర్రవాడిని కదిలించినా ఇదే ధీమా కనిపిస్తుంది గానీ, నాది మరికాస్త ముదిరిన కేసు. (ఇప్పుడు ఎవరు ఏమడిగినా "చూసి చెప్తాను" అంటున్నాను. వయసు మీద పడటమంటే బహుశా ఇదే.) చింతామణిలో మా నాన్న నా వాలకం కొన్నాళ్ళు చూసి, "ఇంట్లో ఉంటే వీడు ఆ ఫోన్లోకి దూరి మళ్ళీ బయటికి రాడు" అని తేల్చి, బాగేపల్లిలో ఉన్న మా చిన్నాన్న దగ్గరికి బస్సెక్కించేశారు.

చిన్నాన్నకు అక్కడ హైవేకి కాస్త లోపలగా, బోరు మోటార్లకు వైండింగ్ చేసే వర్క్‌షాపు ఉండేది. రేకుల షెడ్డు, వార్నిష్ వాసన, గోడవారగా కాలిపోయిన మోటార్లు, నేలంతా రాగి తీగ ముక్కలు. చిన్నాన్న మంచి పనివాడు, కానీ ఆయన దృష్టిలో ప్రపంచంలో వస్తువులు రెండే రకాలు: తిరిగేవి, కాలిపోయినవి. తిరిగి తిరిగి ఏ నీళ్ళూ పైకి తోడని యంత్రం కూడా ఒకటి ఉండవచ్చని ఆయనకు ఎన్నడూ తోచలేదు. అలాంటి మనిషి షెడ్డులో ఒక మధ్యాహ్నం నేను పాత బోరు పైపు ముక్కను రంపంతో కోస్తూ దొరికిపోయాను.

"ఏమి చేస్తాండావురా?"

"టంబ్లర్ చేస్తాండా చిన్నాన్నా."

"టంబ్లరా? మీ చిన్నమ్మ దగ్గర అల్మారా నిండా స్టీలు టంబ్లర్లే ఉండాయి కదరా!"

"ఆ టంబ్లర్ కాదు. రాక్ టంబ్లర్."

"రాతి టంబ్లరా?" చిన్నాన్న ఆ పైపు ముక్కను కాలితో తిప్పి చూశాడు. "దాంట్లో కాఫీ తాగితే మూతి పగలదా?"

అప్పుడు ఫోను తీసి వీడియో చూపించాను. ఒక డ్రమ్ములో మామూలు రాళ్ళు, నీళ్ళు, గరుకు పొడి వేసి మూతపెట్టి, రోజుల తరబడి ఆపకుండా దొర్లిస్తారు. రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని నునుపుదేలి, చివరికి అద్దంలా మెరుస్తూ బయటికొస్తాయి. ఏరు తరతరాలుగా చేసే పనిని మనం కొన్ని వారాల్లో చేసేయవచ్చని వివరించాను. చిన్నాన్న శ్రద్ధగా విన్నాడు. "ఏరు ఊరికే చేస్తాది, నువ్వు కరెంటు కాలుస్తావు. అంతే కదా తేడా?" అన్నాడు. నేను వీడియోను మళ్ళీ మొదటినుంచి పెట్టాను.

అయినా ఆయన వద్దనలేదు. పనివేళలయ్యాక చేసుకోమన్నాడు. పైపు ముక్కకు రెండువైపులా మూతలు బిగించి డ్రమ్ము చేశాను. లోపల లారీ ట్యూబు రబ్బరు అతికించాను. రెండు ఇనుప కడ్డీలకు పాత బేరింగులు తొడిగి, వాటి మీద డ్రమ్మును పడుకోబెట్టి, ఎవరో వదిలేసిపోయిన గ్రైండరు మోటారును బెల్టుతో కలిపాను. చిత్రావతి ఏటి ఇసుకలో ఏరుకొచ్చిన పలుగురాళ్ళు అందులో పోసి, గ్రానైటు పాలిష్ చేసేవాళ్ళ దగ్గర బతిమాలి తెచ్చుకున్న నల్లటి పొడి వేసి, స్విచ్ నొక్కాను. డ్రమ్ము బొంగరంలా తిరిగింది. లోపల మాత్రం చప్పుడు లేదు. వేగం ఎక్కువై రాళ్ళన్నీ గోడకు అతుక్కుపోయి కదలడం మానేశాయన్నమాట. చిన్నాన్న డ్రమ్ముకు చెవి ఆనించి, "ఉయ్యాల బాగుండాది. అన్నీ నిద్రపోతాండాయి" అన్నాడు. వేగం తగ్గించడానికి పెద్ద చక్రం కావాలి. పాత ఇనుము అమ్మే గుజరీ అంగట్లో చెరకు రసం బండి చక్రం ఒకటి దొరికింది. అది తగిలించాక డ్రమ్ము నెమ్మదించి, లోపలినుంచి గరగర, గలగల మొదలైంది. నా చెవులకు అది నాదస్వరం.

మిగతా బాగేపల్లికి మాత్రం అలా వినిపించలేదు. పక్కనున్న టీ అంగడాయన పూటకొకసారి వచ్చి, "ఏమప్పా ఆ గోల? ఏమి చేస్తాండారు లోపల?" అని అడిగేవాడు. వారం గడిచేసరికి చిన్నాన్నకు విసుగొచ్చి, "వజ్రాలు చేస్తాండాడప్పా మావోడు!" అన్నాడు. అది వెటకారమని తెలుసుకునే ఓపిక ఎవరికుంటుంది? మాట టీ గ్లాసులతోపాటు చేతులు మారి, బస్టాండు దాకా వెళ్ళింది. తొలకరి వానలు పడగానే అనంతపురం వైపు చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయేవాళ్ళు మా చుట్టుపక్కల ఎప్పుడూ ఉండేవాళ్ళు. వాళ్ళంతా ఏళ్ళ తరబడి దాచుకున్న రాళ్ళు చీర కొంగుల్లోంచి, పంచె మడతల్లోంచి బయటికొచ్చాయి. ఒకాయన ఉంగరంలోని రాయి ఊడదీసి తెచ్చాడు. ఇంకొకాయన మందు సీసాలో, ఆపరేషన్ చేసి తన కడుపులోంచి తీసిన రాయిని తెచ్చి, "ఇది నా సొంతంది అప్పా, కొంచెం పాలిష్ పట్టియ్యి" అన్నాడు. (దాన్ని గౌరవంగా వెనక్కిచ్చేశాం. చిన్నమ్మ ఆ పూట అన్నం తినలేదు.)

ఆ వరసలోనే పాలత్త వచ్చింది. మా చిన్నమ్మ పుట్టినిల్లు మండికల్లు. పాలత్త ఆ ఊళ్ళో ఆమెకు వరసకు మేనత్త. ఆవుల్ని పెట్టుకుని డెయిరీకి పాలు పోసేది కాబట్టి అందరికీ పాలత్తే. గడ్డికి నీళ్ళు పెట్టే మోటారు కాలిపోతే చుట్టరికం కొద్దీ మా దగ్గరికి తెచ్చింది. మోటారు దించాక కొంగుముడి విప్పి, పసుపు గుడ్డలో చుట్టిన రాయి ఒకటి నా చేతిలో పెట్టింది. చింతపిక్కకంటే పెద్దది, పొగపట్టినట్టున్న తెల్లటి రాయి.

"మా ఇంటాయనది. చేన్లో దొరికిందంట. పోయేదాకా పెట్టె అడుగున దాచి పెట్టుకున్యాడు. నీ మిషన్లో ఏసి చూడు నాయనా" అంది.

"ఎవరైనా నగల షేటుకు చూపించలేదా అత్తా?"

"యాడ చూపిస్తాడు? కాదంటారేమోనని భయం ఆయప్పకు."

పాలత్త భర్త సంగతి మండికల్లులో అందరికీ తెలిసిందే. ప్రతి వానకూ చద్ది మూట కట్టుకుని రాళ్ళకు పోయేవాడు, ఒళ్ళు నొప్పులతో తిరిగొచ్చేవాడు. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చుంటే పక్కవాళ్ళు "మామా, దొరికిందా?" అని అడగడం, ఆయన నవ్వి ఊరుకోవడం ఒక ఆచారంలా సాగేది. ఆ ఊరి అల్లుడు కాబట్టి మా చిన్నాన్న కూడా ఆ మాట అడగని పెళ్ళి లేదని చిన్నమ్మ అనేది.

ఇక్కడ నా ఐటీఐ బుర్ర ఒక లెక్క వేసింది. వజ్రాన్ని ఆ నల్లపొడి ఏమీ చేయలేదని ఫోనులో చదివాను. కాబట్టి ఆ రాయి గరుకుగానే బయటికొస్తే వజ్రం, నునుపుదేలితే ఉత్త పలుగురాయి. ఇంత తేలికైన పరీక్ష పెట్టుకుని ఆయన జీవితమంతా భయపడ్డాడే అనిపించింది. రాయిని మిగతా వాటితో కలిపి డ్రమ్ములో వేసి, మూత గట్టిగా, చాలా గట్టిగా బిగించాను.

ఆ గట్టితనమే కొంప ముంచింది. ఎండాకాలం, రేకుల షెడ్డు, లోపల రాళ్ళు నలిగిన బురద. దాంట్లో గ్యాసు పుడుతుందని వీడియో చివర్లో చెప్పారట, నేను అంతదాకా చూడలేదు. ఆ ఆదివారం చిన్నాన్న పేరేసంద్రలో ఎవరిదో గృహప్రవేశానికి బయలుదేరుతూ, మల్లెపువ్వులాంటి చొక్కా, జరీ అంచు పంచె కట్టుకుని షెడ్డుకు తాళం వేయడానికి వచ్చాడు. చప్పుడులో ఏదో తేడా ఉందనుకున్నాడు. మోటారు ఆపి, వంగి, "ఏమిరా ఇది, పొట్ట ఉబ్బినట్టుండాదే" అంటూ మూత మీద వేలితో కొట్టాడు.

ఢామ్మని మూత ఎగిరి రేకుకు తగిలింది. డ్రమ్ములోని బూడిదరంగు బురద మొత్తం చిన్నాన్న మీదికి వచ్చింది. కేకకు చిన్నమ్మ పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో ఆగి, "ఎవరప్పా నువ్వు? మా ఆయన యాడ?" అంది. సిమెంటు విగ్రహం కళ్ళు రెండూ తెరిచి నావైపు చూసింది.

"ఎత్తుకోని పోయి చిత్రావతిలో పారెయ్ దీన్ని. ఇప్పుడే!"

"చిన్నాన్నా... దాంట్లో పాలత్త రాయి ఉండాది."

రాళ్ళు షెడ్డంతా చెల్లాచెదురైపోయాయి. మోటార్ల కింద, రాగి తీగల మధ్య, వార్నిష్ డబ్బాల వెనక. బురద పూసుకున్న రాయికి, ఇంకో రాయికి తేడా ఏముంటుంది? చిన్నాన్న ఆ జరీ పంచె మోకాళ్ళ దాకా మడిచి, నేలమీద కూర్చుని ఒక్కొక్క రాయినీ ఏరడం మొదలుపెట్టాడు. గృహప్రవేశం సంగతి చిన్నమ్మ గుర్తుచేస్తే, "వాళ్ళు పాలు పొంగించుకుంటారులే, నేను ల్యాకపోతే పొంగవా?" అన్నాడు. ముగ్గురం బకెట్ నీళ్ళలో రాళ్ళు కడిగి ఎండకు పట్టి చూశాం. పాలత్త రాయి లోపల తుప్పురంగు చార ఒకటి, వెంట్రుకంత సన్నగా ఉండేది. చివరికి అది వైండింగ్ మిషను కింద చిన్నాన్నకే దొరికింది. "ఇదే! ఇదే కదరా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నేను అందుకుని వేలితో రాసి చూశాను. సబ్బు బిళ్ళలా నున్నగా ఉంది.

నా ముఖం చూసి చిన్నాన్నకు అర్థమైంది. "కాదా?"

"కాదు."

ఆయన ఆ రాయిని తీసుకుని మళ్ళీ బకెట్ నీళ్ళలో ముంచి కడిగాడు. "పాపం, మామ" అన్నాడు. ఇన్నేళ్ళ పంక్తి భోజనాల్లో ఆయన ఆ మాట అనడం నేనెరిగినంతలో అదే మొదటిసారి. తర్వాత లేచి ముఖం కడుక్కుని, "సరే, వజ్రం కాకపోతే కాకపోయె. వజ్రం మాదిరన్నా చేసిద్దాం" అన్నాడు. అప్పటినుంచి ఆ యంత్రం నాది కాకుండా పోయింది. మూతకు సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, గాలి పోయే దారి పెట్టినవాడు ఆయనే. పొద్దున్నే లేచి మొదట డ్రమ్ము దగ్గరికి పోయేవాడు. మెరుపు తెప్పించే సన్నపొడి తేవడానికి తనే చిక్కబళ్ళాపురం వెళ్ళొచ్చాడు. వైండింగ్ కోసం వచ్చిన రైతులు వరండాలో ఎదురుచూస్తుంటే, "కొంచెం తాళప్పా, పాలిష్‌లో ఉండాము" అనేవాడు. (నేను మోటార్లు చుట్టడం సరిగ్గా నేర్చుకున్నది ఆ వారాల్లోనే. వేరే దారి లేకపోయింది.)

రాయి తయారైంది. నీళ్ళచుక్క గడ్డకట్టినట్టు తేటగా ఉంది, లోపల ఆ తుప్పురంగు చార ఎండలో బంగారు తీగలా మెరిసింది. ఇక పాలత్తకు కబురు పంపాలి, వజ్రం కాదని చెప్పాలి. ఎవరు చెప్పాలన్నది మాత్రం తేలలేదు.

"నువ్వు చెప్పురా, చదువుకున్యోడివి."

"నువ్వు చెప్పు చిన్నాన్నా, అల్లుడివి."

పాలత్త వచ్చి బెంచీ మీద కూర్చున్నాక కూడా మేమిద్దరం మోటార్ల ధర గురించి, ఎండల గురించి, ఆవుల గురించి అడుగుతూ కాలక్షేపం చేశాం. చిన్నమ్మ ఇక ఉండబట్టలేక, కాఫీ ఇస్తూ, "అత్తా, అది వజ్రం కాదంట" అని చెప్పేసింది.

పాలత్త కాఫీ ఊదుకుంటూ, "నాకు తెలీదనుకుంటిరా?" అంది. "వజ్రం దొరికినోడికి నిద్ర పడతాదా? ఆయప్ప గురక పెట్టి నిద్రపోతాండె."

"మరి ఎందుకిచ్చినావు అత్తా?" అన్నాను.

"దినామూ దాన్ని పంచె కొంగుతో తుడిచి, ఎండకు పట్టి చూస్తాండె నాయనా. ఇంగ రవ్వంత మెరుపుంటే ఎంత బాగుండు అంటాండె. ఆ రవ్వంత ఎట్లుంటాదో నేనన్నా చూద్దామని."

చిన్నాన్న రాయిని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మంలోకి పోయి, ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసింది. కొంగుతో ఒకసారి తుడిచి మళ్ళీ చూసింది. చిన్నాన్న తల వంచుకుని, అవసరం లేని స్క్రూ ఒకటి బిగించడం మొదలుపెట్టాడు.

సాయంత్రం, మండికల్లు పోయేందుకు ఆమెను పేరేసంద్ర బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని గుప్పిట తెరిచి చూసుకుంటుంటే, పక్క సీటావిడ వంగి, "ఏమమ్మా అది, అంత మెరుస్తాండాది?" అని అడిగింది.

"మా ఇంటాయన సంపాదన" అంది పాలత్త, పదెకరాల మాగాణి చూపిస్తున్నట్టు. బస్సు కదిలింది.

ఇప్పుడు నాకు చింతామణిలో సొంత వర్క్‌షాపు ఉంది. రోజంతా మోటార్లు వస్తాయి, పోతాయి. అప్పుడప్పుడూ నాకు ఒక ఊహ వస్తుంది. చేతిలో ఫోను, జేబు నిండా రాళ్ళు పెట్టుకున్న ఆ సన్నటి, సర్వజ్ఞుడైన కుర్రవాడు ఇవాళ మా షెడ్డు ముందుకొచ్చి, ఎందుకూ పనికిరాని డ్రమ్మొకటి పగలూ రాత్రీ తిప్పుకుంటానని అడిగితే నేనేమంటాను? ముందు కరెంటు బిల్లు సంగతి అడుగుతాను, అది ఖాయం. బురద గురించీ, ఇరుగుపొరుగు గురించీ గట్టిగా నాలుగు మాటలు చెబుతాను. అయినా పొమ్మని మాత్రం అనలేననుకుంటాను. లోపల ఒక ప్లగ్ పాయింటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.